రాణి పేరు మీద

నాచారం పారిశ్రామికవాడలో మందు గోలీలు ప్యాక్ చేసే కంపెనీ ఒకటుంది. గేటు దాటగానే ఎడమవైపు గోడకు అద్దాల నోటీసు పెట్టె ఉంటుంది. కడుపుతో ఉన్న ఉద్యోగినులకు చట్టం ఏ హక్కులిచ్చిందో అందులో తెలుగులో అచ్చేసి పెట్టారు. పెట్టాలని చట్టం చెప్పింది కాబట్టి పెట్టారు. చదివించాలని చెప్పలేదు కాబట్టి చీమ తలకాయలంత అక్షరాల్లో పెట్టారు. ఆ నోటీసును మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి కంపెనీ మొత్తానికి ఒక్కతే ఉంది. ఆమె పేరు ఉదయశ్రీ. గోలీలు మోసుకొచ్చే బెల్టు ముందు పక్కపక్కన నిలబడే ఇద్దరు ముగ్గురికి తప్ప ఆ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. కంపెనీలో ఆమె రాణి.

ఇంటర్ దాకా చదువుకుంది కాబట్టి, తిండి గంటలో ఏ ఆడమనిషికి ఏ కాగితం వచ్చినా ఆమె ముందే పెడతారు. వకీలమ్మ అని ఆటపట్టిస్తారు. ఆ పేరేమీ ఊరికే రాలేదు. రెండేళ్ళ కిందట శాంతాబాయి నెల తప్పితే, కూలీలను పెట్టే కాంట్రాక్టర్ కనకరాజు ఆమెను ఇంటికి పంపించబోయాడు. కాన్పయ్యాక చూద్దాంలే అన్నాడు. ఉదయశ్రీ ఆ నోటీసు ముందు నిలబడి, ఒక్కొక్క ముక్కా కాగితం మీదికి ఎక్కించి, శాంతాబాయి చేత దరఖాస్తు పెట్టించింది. ఇరవై ఆరు వారాలు జీతంతో సెలవు. కడుపుతో ఉందని పనిలోంచి తీసెయ్యకూడదు. కాన్పు దగ్గరపడ్డాక గంటల తరబడి నిలబెట్టకూడదు, బరువులు ఎత్తించకూడదు. కాన్పయ్యాక ఆరు వారాలు ఆ ఆడమనిషిని పనిలో పెట్టుకోనేకూడదు. శాంతాబాయి ఆరు నెలలు ఇంట్లో ఉండి, కొడుకు బోర్లా పడ్డాక తిరిగొచ్చి అదే బెల్టు ముందు నిలబడింది. ఆ రోజు ఉదయశ్రీ మొహం చూడాలి. చట్టాన్ని తనే రాసినంత గర్వం.

ఆ నోటీసులో తనకు చోటు లేదన్న సంగతి మాత్రం అప్పుడు ఆమెకు తట్టలేదు. ఎలా తడుతుంది? ఏళ్ళ తరబడి రాణీ అని పిలిస్తే పలికి పలికి, ఇంట్లో ఎవరైనా ఆ పేరెత్తినా ముందు ఆమే తిరిగి చూసేది.

అసలు రాణి ఆమె ఆడబిడ్డ. మొగుడు ఉపేందర్‌కి అక్క. రెండో కాన్పు తర్వాత రాణికి నడుం పట్టేసింది. గంటసేపు నిలబడితే కాళ్ళు తిమ్మిరెక్కేవి. పనికి పోకపోతే చోటు పోతుంది. ఆ ఫ్యాక్టరీల్లో ఒక అలవాటుంది. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే వాళ్ళింట్లోంచి ఇంకొకరు వచ్చి ఆ చోట్లో నిలబడతారు. చెల్లెలు, తోడికోడలు, పక్కింటామె, ఎవరైనా సరే. తలకు టోపీ, మూతికి మాస్కు, మెడ నుంచి మోకాళ్ళ దాకా గౌను. బయటికి కనిపించేవి కళ్ళే. కనకరాజుకు ఇదంతా తెలుసు. పేరుతో నాకేం పని, చేతులు నడిస్తే చాలంటాడు. అలా ఆలేరు దగ్గరి పల్లె నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన ఉదయశ్రీ, రాణి కార్డు మెళ్ళో వేసుకుని పది రోజుల కోసమని పనికొచ్చింది. ఆ పది రోజులు నెలయ్యాయి. నెల ఏడాదయింది.

ఏడాది తిరిగేసరికి రాణి మొగుడు బిక్షపతికి కిడ్నీలు పాడయ్యాయి. చర్లపల్లిలో లారీలకు సరుకెత్తే మనిషి, మంచం పట్టాడు. వారానికి రెండుసార్లు మల్కాజిగిరి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. అది పైసా ఖర్చు లేకుండా నడిచేది రాణి ఈఎస్ఐ బీమా కార్డు మీద. ఆ కార్డు బతికుండాలంటే రాణి పేరు కంపెనీ రిజిస్టర్లో ఉండాలి. పేరు ఉండాలంటే ఆ పేరున ఎవరో ఒకరు రోజూ వచ్చి నిలబడాలి. తన సొంత పేరున పనిలో చేరదామని ఉదయశ్రీ ఒకసారి అనుకుంది, కనకరాజు దగ్గర ఖాళీ కూడా ఉంది. కానీ ఆమె రాణి చోటు వదిలితే ఆ చోట్లో నిలబడేవాళ్ళు లేరు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత కంపెనీ గేటు దగ్గర మొహం చూసి హాజరు వేసే మిషన్ పెట్టింది. అందరూ వరసగా నిలబడి మాస్కు దించి మొహం చూపించారు. రాణి పేరు వచ్చినప్పుడు ఉదయశ్రీ నిలబడింది. మిషన్ ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి రాణి పేరుకు ఉదయశ్రీ మొహం అతుక్కుపోయింది.

ఆమెకు అంతకు ముందే ఒకసారి కడుపు పోయింది. మూడో నెలలో, పనిలో చేరిన కొత్తల్లో. నాలుగో రోజున తిరిగి పనికొచ్చింది. గర్భం పోతే ఆరు వారాల సెలవని ఆ నోటీసులోనే ఉంది. శాంతాబాయి కోసం చదివిన రోజునే ఆ సంగతి ఆమెకు తెలిసింది. ఆ మధ్యాహ్నం తినకుండానే టిఫిన్ డబ్బా మూసేసింది.

కిందటేడు వానాకాలంలో ఆమె మళ్ళీ నెల తప్పింది. ఐదేళ్ళ ఎదురుచూపు. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారానికి షేర్ ఆటో నడిపే ఉపేందర్, ఆ రోజు ఆటో ఎక్కిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు. బస్తీ దవాఖానాలో డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. రక్తం తక్కువగా ఉంది, ఒకసారి పోయిన కడుపు, ఎక్కువసేపు నిలబడితే ఇదీ దక్కదని తేల్చి చెప్పింది. ఎనిమిది గంటలు నిలబడి, బెల్టు మీద వచ్చే గోలీల స్ట్రిప్పుల్లో ఖాళీ గుంటలున్నవాటిని ఏరే పని ఉదయశ్రీది. పన్నెండు గంటలు నిలబడే రోజులూ ఉంటాయి.

భయపడాల్సిన పని లేదనుకుంది. చట్టం ఉంది కదా, తనకు కంఠతా వచ్చు కదా. ఉపేందర్ అయితే అసలు ఆలోచించనే లేదు. "గిన్నేండ్ల సంది ఎవలన్న అడిగిన్రా? గిప్పుడడుగుతరా? రాణి అని రాయి, అయిపాయె" అన్నాడు. ఉప్పల్‌లో స్కానింగ్ తీయించుకునేటప్పుడు కూడా పేరు రాణి అనే చెప్పింది. ఆ కాగితం దరఖాస్తుకు జతచేసి, ఒక సోమవారం మధ్యాహ్నం ఉద్యోగుల కాగితాలు చూసే పర్సనెల్ ఆఫీసుకు వెళ్ళింది.

అక్కడ ఉండేది చంద్రిక. భీమవరం వైపు మనిషి, బోడుప్పల్ నుంచి స్కూటీ మీద వస్తుంది. గొంతు పెంచి ఎరగదు. శాంతాబాయి దరఖాస్తును ఒక్క మాట అనకుండా పైకి పంపించింది ఆమే. అందుకే ఉదయశ్రీ ఆ గదిలోకి ధైర్యంగానే అడుగుపెట్టింది.

చంద్రిక కాగితం చూసి, మంచిదమ్మా అని, బీరువాలోంచి రాణి ఫైలు తీసింది. రెండు పేజీలు తిప్పి ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది.

"రాణీ, నీకు ఇద్దరు పిల్లలు. రెండో కాన్పుకి ఆపరేషన్ చేయించుకుని, సెలవు కోసం డాక్టర్ కాగితం కూడా ఇచ్చావు. ఇదిగో, ఇక్కడే ఉంది."

పిల్లలు పుట్టకుండా రాణి ఆపరేషన్ చేయించుకున్నది నిజమే. ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతి. ఆ రోజుల్లో ఆమెకు పథ్యం వండిపెట్టింది ఉదయశ్రీ చేతులే. కానీ ఆ కాగితం ఒక ఫైల్లో కూర్చుని తన కోసం ఎదురుచూస్తుందని ఎవరికీ తట్టలేదు. జీతం పడే రాణి ఏటీఎం కార్డు నడిచింది, హాజరు మిషన్ నడిచింది, అన్నీ నడిచాయి, ఇదీ నడుస్తుందనుకున్నారు.

చంద్రిక లేచి తలుపు దగ్గరికి వేసి, మాస్కు తియ్యమంది. ఆ మొహాన్నీ ఫైల్లోని ఫొటోనూ రెండు మూడుసార్లు చూసింది.

"నీ పేరేంటమ్మా?"

నాలుగేళ్ళలో ఆ కాంపౌండులో ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఉదయశ్రీ చెప్పింది. చెబుతుంటే గొంతు తనది కానట్టుంది.

"ఆ పేరుతో ఇక్కడ ఎవరూ పనిచెయ్యట్లేదు" అంది చంద్రిక. కఠినంగా అనలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి కూడా. కఠినంగా అన్నా బాగుండేదని ఉదయశ్రీకి తర్వాత చాలాసార్లు అనిపించింది.

రాణి తనకు వదినని, ఆమె మొగుడి జబ్బు సంగతీ ఉదయశ్రీ చెప్పాక, చంద్రిక ఉన్నదున్నట్టు చెప్పింది. నిజం బయటపెడితే చట్టం నీ వైపు రావచ్చు, పని చేసింది నువ్వే కాబట్టి. పక్కవాళ్ళు సాక్ష్యం చెప్పాలి, కాంట్రాక్టర్ ఒప్పుకోవాలి, లేబర్ ఆఫీసు చుట్టూ రెండు మూడేళ్ళు తిరగాలి. ఈ పని మాత్రం ఆ సాయంత్రమే పోతుంది. ఇంకొకరి పేరున పనిచేశావని నీ మీద, చేయించావని మీ వదిన మీద కేసు పెట్టినా పెడతారు. ఆమె కార్డు ఆగిపోతుంది. చివరి మాట వినగానే ఉదయశ్రీ చెయ్యి చాచి దరఖాస్తు వెనక్కి తీసుకుంది. చంద్రిక తను అసలు చూడలేదనుకొమ్మంది.

ఇంటికి వెళ్ళి రాణికి చెప్పింది. నాచారం వెనక సందులో రెండు గదుల ఇల్లు, రెండు కుటుంబాలు. రాణి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా వింది. మంచిది కాని మనిషైతే కథ తేలికగా ఉండేది, తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. రాణి అలాంటిది కాదు.

"చెప్పెయ్ ఉదయా" అంది చివరికి. "ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. నీ కడుపు నిలవాలె. మా ఆయనకు రాసిపెట్టి ఉన్నది అయితది."

పక్కగదిలో బిక్షపతి మేలుకునే ఉన్నాడు. ఆ మాట విని, పట్టీ కట్టిన చెయ్యిని పొట్ట మీద పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పెళ్ళయి వచ్చిన మొదటి నెలలో ఉదయశ్రీకి సిటీ బస్సెక్కడం నేర్పింది ఆ మనిషే. అన్నా అని పిలిచే మనిషి. చెప్పవద్దని రాణి కొట్లాడి ఉంటే ఉదయశ్రీ మొండికేసి చెప్పేదేమో. చెప్పమన్న తర్వాత ఇక చెప్పలేకపోయింది.

మర్నాడు బెల్టు దగ్గర ఒక స్టూలు కనిపించింది. ఎవరు పంపారో ఎక్కడా రాసి లేదు. చట్టం మొత్తంలోంచి ఉదయశ్రీకి దక్కిన భాగం ఆ స్టూలే. తనిఖీకి మనుషులొచ్చిన రోజుల్లో సూపర్‌వైజర్ దాన్ని అట్టపెట్టెల వెనక దాచేవాడు, ఆ రోజంతా ఆమె నిలబడేది. శాంతాబాయి బరువు పెట్టెలు తనవైపు లాక్కునేది. ఒకసారి ఊరుకోలేక, మాకందరికీ హక్కులు చెప్పినదానివి నువ్వెందుకు నోరు మూసుకున్నావని దెబ్బలాడింది. ఉదయశ్రీ నవ్వేసింది. ఆ నవ్వు చూసి శాంతాబాయి ఏడ్చింది.

ఎనిమిదో నెల వచ్చేసరికి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టేవి కావు. రాణి ఒక నిర్ణయానికి వచ్చింది. నడుముకు బెల్టు కట్టుకుని, నొప్పి గోలీ వేసుకుని, కాన్పయ్యేదాకా తనే పనికి వెళతానంది. అందులో తప్పేముంది? పేరు ఆమెది, కార్డు ఆమెది, ఆ చోటు మొదట ఆమెదే. మిషన్లో కొత్త మొహం ఎక్కించాలంటే హెడ్డాఫీసుకు రాయాలి, కారణం ఏమని రాయనమ్మా అని చంద్రిక అంతకు ముందే చెప్పింది. అయినా రాణి వినలేదు. సొంత మొహం సొంత పేరుకు సరిపోదా అంది.

ఇద్దరూ కలిసే వెళ్ళారు. రాణి పమిట సర్దుకుని మిషన్ ముందు నిలబడింది. ఎర్రలైటు వెలిగింది. మాస్కు పూర్తిగా తీసి, బొట్టు సరిచేసుకుని మళ్ళీ నిలబడింది. మళ్ళీ ఎర్రలైటే. గేటు దగ్గరి ముసలి వాచ్‌మన్ వచ్చి ఎవరు నువ్వని అడిగాడు.

"నేను రాణిని."

"రాణి నాకు తెల్వదా? నాలుగేండ్ల సంది రోజూ సూస్తున్న. నువ్వెవలు?"

రాణి ఆధార్ కార్డు తీసి చూపించబోయింది. వాచ్‌మన్ కేకేస్తే సూపర్‌వైజర్ వస్తాడు. సూపర్‌వైజర్ వస్తే అంతా బయటపడుతుంది. ఉదయశ్రీ రాణి చేతిలోంచి ఆ కార్డు గబుక్కున లాక్కుని, కొంగులో పెట్టి, పొట్ట పట్టుకుని మిషన్ ముందుకు వచ్చింది. ఆకుపచ్చలైటు వెలిగి, తెర మీద రాణి పేరు కనిపించింది. ఈమె మా బంధువు, కొంచెం మతి స్తిమితం లేదని వాచ్‌మన్‌కి చెప్పి లోపలికి నడిచింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. ఆ ఒక్క మాట అన్నందుకు ఆమె ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేదు. రాణి మాత్రం సాయంత్రం వేణ్ణీళ్ళు కాచి, ఆమె పాదాలు తొట్టిలో పెట్టించి, ఏమీ జరగనట్టే కూర్చుంది.

నొప్పులు బెల్టు దగ్గరే మొదలయ్యాయి. శాంతాబాయి పట్టుకుని గేటు దాకా తీసుకొచ్చింది, ఉపేందర్ ఆటోలో సర్కారు దవాఖానాకు తీసుకుపోయాడు. ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు, అయినా బతికింది. ఐదేళ్ళలో ఉదయశ్రీ కోరుకున్నది అదొక్కటే, అది దక్కింది. పుట్టిన కాగితం రాసేటప్పుడు నర్సు తల్లి పేరు అడిగితే ఉదయశ్రీ అని చెప్పింది. తల్లి ఏం పని చేస్తుందని అడిగితే, కాసేపు ఆలోచించి, ఇంట్లోనే ఉంటానంది. నర్సు గృహిణి అని రాసుకుంది.

సెలవు కోసం రాణి నడుం నొప్పి పనికొచ్చింది. రాణే తన కార్డు పట్టుకుని ఈఎస్ఐ డాక్టరు దగ్గరికి వెళితే, పరీక్ష చేసి, పది రోజుల విశ్రాంతికి చీటీ రాశాడు. ఉదయశ్రీ కాన్పు కంపెనీ కాగితాల్లో రాణి నడుం నొప్పి కింద జమపడింది. పదకొండో రోజు రాకపోతే పేరు కొట్టేస్తానని కనకరాజు కబురు పంపాడు. అతన్ని తిట్టుకుని లాభం లేదు, నడుం నొప్పికి ఇరవై ఆరు వారాలు ఎవరిస్తారు?

పదకొండో రోజు ఉదయం ఉదయశ్రీ పిల్లకు పాలిచ్చి, రాణి ఒళ్ళో పెట్టి బయల్దేరింది. పిల్లకు ఇంకా పేరు కూడా పెట్టలేదు. రిజిస్టరు ప్రకారం ఫ్యాక్టరీలో ఉండాల్సిన రాణి ఇంట్లో కూర్చుని పిల్లను ఊపుతోంది. దవాఖానా కాగితం ప్రకారం ఇంట్లో ఉండాల్సిన ఉదయశ్రీ నాచారం రోడ్డు మీద నడుస్తోంది. నడిచినకొద్దీ కుట్లు లాగుతున్నాయి. రొమ్ముల్లో పాలు నిండి జాకెట్టు తడిసిపోతుంటే, పమిట రెండు మడతలు వేసుకుంది.

మిషన్ ఆకుపచ్చగా వెలిగింది. వాచ్‌మన్ నవ్వి, నడుం నొప్పి తగ్గిందా రాణమ్మా అని అడిగాడు. తగ్గిందంది.

నోటీసు పెట్టె ముందు ఒక కొత్త పిల్ల నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో, గౌను ఇంకా మడతలు విప్పుకోలేదు. ఐదో నెల అని చూడగానే తెలుస్తోంది. నీకు అన్నీ చదవొస్తాయని లోపల చెప్పారు, జర చదివి చెప్పు అక్కా అని అడిగింది. ఉదయశ్రీ చదవక్కర్లేదు, కంఠతా వచ్చు. అయినా అద్దం మీద వేలు పెట్టి ఒక్కొక్క వాక్యమే చదివింది. ఇరవై ఆరు వారాలు. తీసెయ్యకూడదు. నిలబెట్టకూడదు. ప్రసవమైన తర్వాత ఆరు వారాలు ఏ స్త్రీనీ పనిలో పెట్టుకోరాదు. అక్కడ ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఆ వాక్యం చదివింది.

"గిదంత నిజమేనా అక్కా?"

"నిజమే. మేడమ్ మంచిది, దరఖాస్తు నేను రాసిస్త. నీ పేరేంది?"

ఆ పిల్ల మెళ్ళో కార్డును చేత్తో కప్పుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"నా పేరు తారామణి. కార్డు మా అక్కది. పది రోజుల కోసమే వచ్చిన."

లోపల బెల్టు గంట మోగింది. ఉదయశ్రీ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. సూపర్‌వైజర్ గుమ్మంలో నిలబడి, ఆలస్యమవుతోంది రాణీ అని పిలిచాడు. ఇద్దరూ మాస్కులు పైకి లాక్కుని లోపలికి వెళ్ళారు.